చివరి ధార

"ఏడోది," అన్నాడు పెద్దోడు.

ఆవుల కొట్టంలో చిట్టి పక్కన నిలబడి ఉన్నాడు. అతని చేతిలో నాలుగు గుంటల పళ్ళెం ఉంది. చిట్టి నాలుగు చన్నుల పాలూ నాలుగు గుంటల్లోకి పిండి, ఊదారంగు మందు కలిపి, గుండ్రంగా తిప్పి చూశాడు. మూడు గుంటల్లో పాలు పాలలాగే కదిలాయి. నాలుగోది కదల్లేదు. కోడిగుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి అడుగుకి అతుక్కుని కూర్చుంది.

"మళ్ళీ చూడరా," అంది తల్లి.

"మూడుసార్లు చూశానమ్మా. నాలుగోసారి చూస్తే సిగ్గుపడి బాగుపడతాయా?"

అతని భార్య, ఆ ఇంటి పెద్దకోడలు, గడప బయట నిలబడి వింటోంది. నిజానికి ఆ కొట్టానికి గడపంటూ లేదు, కడిగిన నీళ్ళు వాకిట్లోకి రాకుండా కట్టిన జానెడు సిమెంటు గట్టు ఉంది, అంతే. ఆ జానెడు గట్టు దాటి ఆమె లోపల అడుగు పెట్టి ఇవాళ్టికి పద్ధెనిమిది రోజులు.

ఎవరో వేసిన శిక్ష కాదది. నోరు జారి తనే తెచ్చుకుంది. పశువుల డాక్టరమ్మ కిందటిసారి వచ్చినప్పుడు, ఈ పొదుగువాపు గడ్డిలోంచీ గాలిలోంచీ రావడం లేదు, పితికే చేతుల్లోంచి వస్తోంది అని చెప్పి వెళ్ళింది. చేతులనగానే ఇంటిల్లిపాదికీ కోడలి చేతులే కనిపించాయి. పెళ్ళికి ముందు పాలకేంద్రంలో పరీక్షలు చేసిన చేతులు, అందరి క్యాన్లూ ముట్టుకున్న చేతులు అని మరిది తేల్చేశాడు. ఉక్రోషం ఆపుకోలేక ఆమె అనేసింది, "సరే, ఇరవై రోజులు నేను కొట్టం తొక్కను. అప్పటికీ కొత్తగా ఏ ఆవుకైనా వస్తే ఏమంటారో అదీ చూస్తాను."

అప్పటికి జబ్బు పడినవి నాలుగు. ఐదోది పడింది. నువ్వు మానకముందే అంటుకుని ఉంటుందిలే అన్నారు. ఆరోదానికీ అదే మాట. ఇప్పుడు ఏడోది చిట్టి. తొలిచూలుది, ఈని పది రోజులే అయింది. యంత్రం తగిలిస్తే తన్నుతోందని మొదటి రోజు నుంచీ అత్తగారే చేత్తో పితుకుతోంది. మరో మనిషి చేయి ఆ పొదుగు మీద పడలేదు.

గెలిచాను, అనుకుంది కోడలు. గెలిచిన మనిషికి సంతోషం కలగాలి కదా. సంతోషం జాడే లేదు. లోపల చిట్టి కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. వాచిన వైపు కాలు ఆనించలేకపోతోంది.

"ఇంకేమంటావురా చిన్నోడా?" అంది ఆమె గట్టుకి ఇవతల నుంచే. "చిట్టిని నేను ముట్టుకోలేదు."

మరిది దాణా బస్తా మీద కూర్చుని ఉన్నాడు. ఓడిపోయే వాదన వదిలిపెట్టడం అతని జన్మలో లేదు.

"చిట్టిని ముట్టుకోలేదు వదినా. చిట్టి దూడకి సీసాతో పాలు పడుతున్నదెవరు?"

"నేనే."

"దూడని ముట్టుకున్నావు. ఆ దూడ వెళ్ళి తల్లిని ముట్టుకుంది. దారి తెలుస్తూనే ఉందిగా?"

"ఆ దారిన పోతే నీ చొక్కా ఉతికేది కూడా నేనే. ఆ చొక్కాతో రోజంతా ఆవుల మధ్య తిరుగుతున్నావు. పది రోజులు విప్పేసి తిరుగు మరి."

పెద్దోడు నవ్వబోయి ఆపుకున్నాడు. ఇలాంటి మాటకి అత్తగారు ఊరుకోదు. కోడల్ని అనే అవకాశం వస్తే పిలవని పేరంటానికి వెళ్ళినట్టు ముందే వెళ్ళి కూర్చుంటుంది. అలాంటిది ఇవాళ పెదవి విప్పలేదు. గోడకి ఆనుకుని, చేతులు రెండూ తువ్వాల్లో చుట్టుకుని, చిట్టి వైపే చూస్తోంది.

"పదింటికి డాక్టరమ్మ వస్తానంది," అన్నాడు పెద్దోడు. "ఈసారి పాలొక్కటే కాదట. పితికే వాళ్ళందరి చేతులూ చూస్తుందట."

అత్తగారు తువ్వాలు ఇంకో చుట్టు చుట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

*

వంటింట్లో కోడలు టీ వడపోసి గ్లాసు అందించింది. అత్తగారు రెండు అరచేతుల మధ్యా గ్లాసు ఇరికించుకుని అందుకుంది. వేళ్ళు గ్లాసుకి తగలనివ్వలేదు. రెండు గుక్కలు తాగేసరికి తువ్వాలు జారి ఒళ్ళో పడింది.

అప్పుడు చూసింది కోడలు.

కుడి బొటనవేలి కణుపు మీద చర్మం చీలి నోరు తెరుచుకుంది. అంచులు తెల్లగా ఉబ్బి, మధ్యలో పచ్చగా రసి కారుతోంది. మిగతా వేళ్ళ నిండా ఎండిన మడిలా పగుళ్ళు. అత్తగారు గ్లాసు కింద పెట్టి తువ్వాలు లాక్కోబోయింది. కోడలు ఆ మణికట్టు పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"చలికి పగిలిందే. అందరికీ పగుల్తాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

అత్తగారు పొయ్యి వైపు తిరిగింది. "చలి మొదలైనప్పట్నుంచి."

చలి మొదలై మూడు నెలలు. మొదటి ఆవు పడి రెండున్నర. కోడలి మనసులో కొట్టంలోని వరస కదిలింది. ఆ ఇంటికి ఒక పద్ధతి ఉంది. అన్ని ఆవుల్నీ యంత్రమే పితుకుతుంది కానీ, యంత్రం తీశాక పొదుగులో మిగిలిన చివరి ధార మాత్రం అత్తగారి చేయే తీయాలి. ఆ గుక్కెడూ చేత్తో తీయకపోతే ఆవు వట్టిపోతుందని ఆవిడ నమ్మకం, ఆవిడకి ముందు ఆవిడ అత్తగారి నమ్మకం. మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో ఆవు దగ్గరా కూర్చుంటూ వాకిలి దాకా వస్తుంది. బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపు మీద చన్ను నొక్కి పిండుతుంది. జబ్బు కూడా మూల నుంచే మొదలైంది. ఒకటీ అరా తప్పిస్తే, అది కూడా ఆవిడ వెనకే నడుచుకుంటూ వాకిలి దాకా వచ్చింది.

కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే కోడలు చెప్పింది, అలా వేలు మడిచి నొక్కితే చన్ను లోపల కమిలిపోతుంది, పిడికిలి పట్టి పితకండి, ఆవు ఆవుకీ వేరే గుడ్డ పెట్టండి అని. ఆ రోజే ఆమెకి 'పరీక్షలమ్మ' అని పేరు పడింది. ఇంటివాళ్ళ పరీక్షలో మాత్రం తొందరగానే తప్పింది.

"ఇది మీ చేతి నుంచే వెళ్ళింది అత్తయ్యా," అంది కోడలు. గొంతు పెంచలేదు. "మీకూ తెలుసు."

"మొదట తెలీదు. ఒట్టు. మూడో ఆవు పడ్డాక అనుమానం వచ్చింది."

"మరి నాలుగోది పడ్డాక నా మీదకి వచ్చారే? పద్ధెనిమిది రోజులు నన్ను ఆ గట్టు అవతల నిలబెట్టారే? అప్పుడు నోరెందుకు రాలేదు?"

కోడలికి ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు, తుడుచుకుంటే ఇంకా ఎక్కువయ్యే రకం. వాచిన పొదుగుతో చిట్టి అలా నిలబడి ఉండడం గుర్తొచ్చి ఇంకా మండింది. ఆ చన్ను ఎండిపోతే ఇక చిట్టికి ఉన్నన్నాళ్ళూ మూడు చన్నులే.

"కూర్చో," అంది అత్తగారు. "నేనీ ఇంటికొచ్చిన ఏడాది దాకా మీ మామగారు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వంట రాదు, వంచిన తల ఎత్తడం రాదు, దీన్ని ఎందుకు చేసుకున్నాన్రా అని నేను వినేలాగే అనేవాడు. అప్పుడొక తన్నులమారి ఆవుండేది. ఇద్దరి పళ్ళు రాలగొట్టింది. ఓ పొద్దున పాలు పితికేవాడు రాలేదు. నేనెళ్ళి కూర్చున్నాను. బిందె నిండా ఇచ్చింది. ఆ రోజు ఆయన నన్ను పిలిచి, తిన్నావా అని అడిగాడు."

"అత్తయ్యా..."

"తిన్నావా అని అడిగాడే. ఏడాదికి మొదటిసారి. ముప్ఫైనాలుగేళ్ళయింది, ఇంకా నా చెవిలోనే ఉంది. యంత్రం కొన్న రోజున పెద్దోడు నాతో ఏమన్నాడో తెలుసా? అమ్మా, ఇక నువ్వు హాయిగా కూర్చో అన్నాడు. కూర్చోమనడమంటే ఏంటో నీకు తెలీదు. ఆ చివరి ధార ఒక్కటీ పట్టుకుని వేలాడుతున్నాను నేను. అదీ పోతే ఈ ఇంట్లో నేనెవర్ని? మూలనుండే ముసలిదాన్ని."

కోడలికి మాత్రం తెలీదా? పద్ధెనిమిది రోజుల నుంచీ గట్టు బయట నిలబడి తను రోజూ మింగుతున్నది అదే.

అత్తగారు ముందుకి వంగింది. "ఒక్క మాట చెప్పమ్మా. మొన్న సాయంత్రం నాకు తలనొప్పిగా ఉండి పడుకున్నాను కదా. అప్పుడు చిట్టి పొదుగు బిగుసుకుపోతుంటే చూడలేక నువ్వెళ్ళి పితికానని చెప్పు. అంతే. డాక్టరమ్మ నీ చెయ్యి చూసుకుని వెళ్ళిపోతుంది."

"తర్వాత నన్నెప్పటికీ కొట్టంలోకి రానివ్వరు."

"నీకు వయసుంది, చదువుంది. పాలకేంద్రం వాళ్ళు ఇవాళ పిలిచినా తీసుకుంటారు. నాకు ఇదొక్కటే ఉంది."

"మీరు పితుకుతూనే ఉంటే మిగతా నాలుగూ పడతాయి అత్తయ్యా! నేను అబద్ధం చెప్తే మీ వేలు మానుతుందా?"

అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా, ఆ పోకచెక్కకైనా ఏ వైపు నుంచి తెగుతుందో తెలుస్తుంది. నిజం చెబితే ఈ మనిషి ఇవాళే ముసలిదైపోతుంది. చెప్పకపోతే తను దొంగవుతుంది, ఆవులు కుంటుతాయి. వరండాలో మరిది ఫోన్లో ఎవరికో వదిన నిర్వాకం అంటూ చెబుతున్నాడు.

"ఒక షరతు," అంది కోడలు చివరికి. తను అంటున్నదేమిటో తనకే నమ్మకం లేదు. "నేను చెప్తాను. ఈ క్షణం నుంచి మీ చెయ్యి ఏ పొదుగు మీదా పడకూడదు. చివరి ధార కూడా వద్దు. వేలికి మందు రాయించుకోవాలి. పూర్తిగా మానాక మీరే అందరి ముందూ అసలు సంగతి చెప్పాలి."

"చెప్తాను."

"ముట్టుకోరుగా?"

"ముట్టుకోను. నీ మీద ఒట్టు."

నాలుగేళ్ళలో అత్తగారు ఆమె మీద చూపిన మొదటి ఆప్యాయత ఆ ఒట్టే.

*

వాకిట్లో భర్త యంత్రం గొట్టాలు విప్పి వేడినీళ్ళలో నానబెడుతున్నాడు. అతనికైనా చెప్పాలనుకుంది. కట్టుకున్న మొగుడికి చెప్పడం మాట తప్పడం కిందికి రాదని మనసుకి సర్ది చెప్పుకుని వెళ్ళి పక్కన నిలబడింది.

"ఏవండీ, అత్తయ్య ఈ మధ్య ఎప్పుడు చూసినా తువ్వాలు చుట్టుకునే ఉంటున్నారు. చూశారా?"

"చలికి బొటనవేలు పగిలిందిలే," అన్నాడు తల ఎత్తకుండా.

కోడలు అలాగే నిలబడింది. "నేను తువ్వాలనే అన్నాను. బొటనవేలి మాట ఎత్తలేదు."

అతని చేతిలో గొట్టం ఆగిపోయింది. నీళ్ళలోంచి బుడగలు వచ్చి పగులుతున్నాయి.

"మీకెప్పట్నుంచి తెలుసు?"

అతను గొట్టాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచాడు.

"నేను బయట నిలబడకముందా, తర్వాతా? అదొక్కటి చెప్పండి."

"అమ్మకి ఎలా చెప్పమంటావే?" అన్నాడు అతను. చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "నువ్వు సర్దుకుపోతావని అనుకున్నాను. నువ్వు గట్టిదానివి కదా."

గట్టిదానివి. నాలుగేళ్ళ కాపురంలో అతను ఇచ్చిన మెచ్చుకోలు ఇన్నాళ్ళకి అర్థమైంది ఆమెకి. గట్టిగా ఉన్నదాని మీదే అందరూ బరువు పెడతారు. ఏదో అనబోయింది. అప్పుడే డాక్టరమ్మ స్కూటరు వాకిట్లో ఆగింది.

*

డాక్టరమ్మ నడివయసు మనిషి. మర్యాదలకి వెచ్చించే టైము ఆమె దగ్గర ఉండదు. టీ వద్దంది, కుర్చీ వద్దంది, రబ్బరు బూట్లు తొడుక్కుని నేరుగా చిట్టి దగ్గరికి వెళ్ళి పొదుగు మీద చెయ్యి వేసింది.

"కాలిపోతోంది. ఈ పొద్దున ఖాళీ చేయలేదా?"

"జబ్బని తేలేసరికి ఆపేశామండీ," అన్నాడు పెద్దోడు.

"ఇదొక తెలివా? జబ్బు పాలు లోపల ఉంచితే ఇంకా చెడుతుంది. సరే, ముందు ఇది చెప్పండి. దీన్ని ఎవరు పితుకుతున్నారు?"

మరిది వదిన వైపు చూశాడు. భర్త నేల వైపు చూశాడు. అత్తగారు గోడ వారన, తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"నేనేనండి," అంది కోడలు గట్టు బయట నుంచి. "మొన్న సాయంత్రం. అత్తయ్యకి ఒంట్లో బాగోలేదని."

"చెప్పానా?" అన్నాడు మరిది. "నేను చెప్పానా లేదా? దూడ దారి కూడా అక్కర్లేకపోయింది!"

డాక్టరమ్మ అతన్ని పట్టించుకోలేదు. దూదిపుల్ల ఒకటి తీసి గట్టు దాకా వచ్చింది. "చేతులు చాపు."

కోడలు చాపింది. డాక్టరమ్మ వేళ్ళు విడదీసి, గోళ్ళ అంచులు చూసి, అరచేయి తిప్పి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు పట్టుకుంది.

"ఒక్క పగులు కూడా లేదే."

"మానిపోయిందండి."

"రెండు రోజుల్లోనా?" అంది డాక్టరమ్మ. ఇంకేమీ అనలేదు. పుల్ల వేళ్ళ మధ్య రాసి సీసాలో పెట్టి మూత బిగించింది. "ఫలితం వచ్చేదాకా నువ్వు లోపలికి రావద్దమ్మా."

"రాను," అంది కోడలు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది. అలవాటైపోతోంది.

"ఇప్పుడు ఎవరో ఒకరు దీన్ని ఖాళీ చేయండి. మిగతా వాళ్ళ చేతులు తర్వాత చూస్తాను. ఎవర్నీ వదలను."

పెద్దోడు రబ్బరు తొడుగులు వేసుకుని బకెట్టు పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి తగిలిందో లేదో చిట్టి తన్నింది. బకెట్టు దొర్లిపోయింది. మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి అది పాలు ఎగబీల్చుకుంది. అతను ఎంత పిండినా ఒక్క చుక్క రాలేదు. బాధకి దాని ఒళ్ళంతా వణుకుతోంది. మరిది తాడు పట్టుకుంటే కళ్ళు తేలేసి వెనక్కి గుంజింది.

"హో... హో చిట్టీ... హో తల్లీ..."

అత్తగారి గొంతు. పిలవాలని పిలిచింది కాదు. ముప్ఫైనాలుగేళ్ళుగా ఆ గొంతు చేసే పని అది, ఆపాలని తోచేలోపే వచ్చేసింది. చిట్టి చెవులు తిరిగాయి. వణుకు తగ్గింది. గుంజుకోవడం ఆపి తల దించింది. అందరూ చూస్తుండగానే పాలు చేపింది. మంచి చన్నుల్లోంచి పాలు వాటంతట అవే చుక్క చుక్కగా సిమెంటు మీద రాలడం మొదలైంది.

అత్తగారు ఎప్పుడు కదిలిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి కొడుకుని భుజంతో పక్కకి జరిపి ఆవు పక్కన గొంతుక్కూర్చుంది. తువ్వాలు జారి కింద పడింది. బొటనవేలు లోపలికి మడిచింది. చెయ్యి పొదుగు వైపు సాగింది.

కోడలు గట్టు దాటింది. మూడు అంగల్లో వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుంది.

కొట్టం మొత్తం ఆగిపోయింది. ఇంటికి పెద్దావిడ చెయ్యి, అందరి ముందూ, కోడలి పిడికిట్లో ఉంది. పచ్చటి రసి కారుతున్న కణుపు వెలుతుర్లోకి వచ్చింది.

"వదులు," అంది అత్తగారు. కోపం లేదు ఆ గొంతులో, అచ్చమైన బతిమాలుకోవడం. "చేపిందే. ఇప్పుడు తీయకపోతే మళ్ళీ చేపదు. ఒక్కసారి."

"ఒట్టు పెట్టారు అత్తయ్యా."

"ఏం ఒట్టు?" అన్నాడు మరిది. "ఏం జరుగుతోందిక్కడ?"

డాక్టరమ్మ తన చేతిలో ఉన్న కోడలి సీసా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆ బొటనవేలి వైపు చూసింది. జేబులోంచి రెండో దూదిపుల్ల తీసింది.

అత్తగారి కళ్ళు ఆ పుల్ల మీద పడ్డాయి. అక్కడి నుంచి కోడలి మొహం మీదకి వచ్చాయి. నువ్వు కూడానా అన్నట్టుంది ఆ చూపు. కోడలి పిడికిలిలో ఆ మణికట్టు పిట్టలా కొట్టుకుంటోంది. వదిలేస్తే తను చెప్పిన అబద్ధం ఇప్పటికీ నిలబడుతుంది, ఆ చెయ్యి పొదుగు మీదకి వెళుతుంది. పట్టుకునే ఉంటే ఇక చెప్పడానికేమీ మిగలదు.

"అమ్మ చెయ్యి వదులు," అన్నాడు భర్త వెనక నుంచి.

అన్నీ తెలిసిన మనిషి అన్నాడా మాట. ఆమె తల తిప్పి అతని వైపు చూడలేదు. వేళ్ళు ఇంకాస్త బిగించింది.

చిట్టి పాలు ఎవరి కోసమూ ఆగకుండా సిమెంటు మీద కారుతూనే ఉన్నాయి.